ఐడ్లింగ్ స్క్రూ చివర్లో ముట్టుకోండి

(హన్మకొండలో మెకానిక్‌లు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. సభలోంచి వచ్చిన ప్రశ్నలను వచ్చిన చోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. సాయంత్రం గిరాకీ వదులుకుని, షాపులు బంద్ పెట్టి వచ్చిన అన్నలకు, కాలేజీ నుంచి నేరుగా ఇటే వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చాలా సంతోషం. ఈ రోజు ఒక్క సమస్య గురించే మాట్లాడతాను. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్ కుదురుగా నడవకపోవడం. కొందరు ఐడ్లింగ్ అంటారు, కొందరు స్లో స్పీడ్ అంటారు. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం, పొద్దున పెరిగిన రేస్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, మధ్యాహ్నం దాకా దిగకపోవడం, దాన్ని చూపించే ముల్లు పైకీ కిందికీ కొట్టుకోవడం, ఇవన్నీ ఆ ఇంటివే.

ఉదాహరణకు ఒక పాత స్పోర్ట్స్ కారు తీసుకుంటాను. మాజ్దా ఎంఎక్స్-5, మొదటి తరం. మాజ్దా అనగానే మనకు స్వరాజ్ మాజ్దా వ్యాన్లే కళ్లముందు మెదులుతాయి. ఆ మాజ్దా కంపెనీయే 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఈ రెండు సీట్ల బండిని చూపించింది. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అని, అమెరికాలో మియాటా అని పేరు. టాప్ వెనక్కి మడుచుకుంటుంది, లైట్లు బానెట్‌లోంచి పైకి లేస్తాయి, ఇంజిన్ ముందు, లాగేది వెనక చక్రాలు. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షల బండ్లు తయారయ్యాయి. మన దేశంలో మాజ్దా తన కార్లను ఎప్పుడూ అమ్మలేదు. విదేశాల్లో ఉండి తిరిగొచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నవి ఎక్కడైనా ఒకటీ అరా కనపడతాయి. కాబట్టి మనకు డీలరు లేడు, సర్వీసు సెంటరు లేదు, పార్టు చెడితే తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే ఈ బండి విషయంలో ఊహ మీద పార్టులు మార్చే అలవాటు పనికిరాదు. అసలు తప్పు ఎక్కడుందో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టాలి. మీకు చూపించడానికి దీన్ని ఎంచుకున్న కారణం అదే. ఇందులో ప్రతి పనీ కంటికి కనపడుతుంది, చేతికి అందుతుంది. దీని మీద నేర్చుకుంటే ఏ పాత పెట్రోల్ బండి మీదైనా పనికొస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఐడ్లింగ్ స్క్రూ రిపేరు సాధనం కాదు. అంతా బాగున్న ఇంజిన్‌కు ఆఖర్న కాస్త సరిచేసుకోవడానికి కంపెనీ పెట్టింది. ఐడ్లింగ్ తప్పిన బండి వస్తే మనలో చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని ముందు దాని మీదికే పోతారు. రెండు నిమిషాల్లో ముల్లు నిమిషానికి 850 చుట్ల దగ్గరికి వస్తుంది, కస్టమర్ సంతోషంగా వెళ్లిపోతాడు. వారానికి మళ్లీ వస్తాడు. ఈసారి అసలు జబ్బుకు తోడు స్క్రూ కూడా తప్పి ఉంటుంది. వెతికేవాడికి పని రెట్టింపు.

కాలు తీసినప్పుడు, ఇంజిన్‌కు గాలి పోయే థ్రాటిల్ బాడీలో బటర్‌ఫ్లై అనే గుండ్రటి రేకు మూసుకుంటుంది. అయినా ఇంజిన్ ఆగదు, ఎందుకంటే దాన్ని తప్పించుకుని కొంచెం గాలి లోపలికి పోతూనే ఉంటుంది. 1.6 లీటర్ ఎంఎక్స్-5లో ఆ గాలికి దారులు ఏవేవో చూద్దాం. బటర్‌ఫ్లై అంచు చుట్టూ వెంట్రుకవాసి సందు ఉంటుంది. ఆ సందును నిర్ణయించే స్టాప్ స్క్రూ ఫ్యాక్టరీలో పెట్టింది, దాన్ని ఎప్పుడూ ముట్టకూడదు. రెండోది ఎయిర్ స్క్రూ. థ్రాటిల్ బాడీ మీద చిన్న రబ్బరు మూత కింద దాక్కుని ఉంటుంది. మనం ఐడ్లింగ్ స్క్రూ అనేది దీన్నే, తిప్పదగ్గది కూడా అదొక్కటే. మూడోది ఐడిల్ వాల్వ్, థ్రాటిల్ బాడీ కింద బిగించి ఉంటుంది. అందులో రెండు భాగాలు. ఒకటి మైనంతో పనిచేసే వాల్వ్, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తెరుచుకుని వేడెక్కాక మూసుకుంటుంది. ఇంకొకటి కరెంటుతో నడిచే సోలెనాయిడ్, ఇంజిన్ కంప్యూటర్ చెప్పినంత తెరుచుకుంటుంది. ఏసీ వేసినా, స్టీరింగ్ బాగా తిప్పినా పడిపోయే రేస్‌ను పైకి లేపేది ఈ సోలెనాయిడే.

ఇవి లెక్కలో ఉన్న దారులు. లెక్కలో లేనిది లీకు. చీలిన గొట్టం, ఎండిపోయిన గ్యాస్కెట్, సరిగా కూర్చోని ఆయిల్ మూత. బండి మీద పని మొదలుపెట్టే ముందు మిమ్మల్ని మీరు ఒకే ప్రశ్న వేసుకోవాలి. ఈ ఇంజిన్ ఇప్పుడు తాగుతున్న గాలి ఏ దారిలో వస్తోంది? దానికి జవాబు దొరికిందంటే ఐడ్లింగ్ సమస్యల్లో ఎక్కువ భాగం తేలిపోయినట్టే.

కస్టమర్ మాట శ్రద్ధగా వినండి. "సార్, ఐడ్లింగ్ బాగలేదు" అంటే సరిపోదు. ఎప్పుడు? పొద్దున స్టార్ట్ చేయగానేనా, పది కిలోమీటర్లు పోయాకనా? ఏసీ వేస్తేనా? కాజీపేట బ్రిడ్జి మీద నెమ్మదిగా పాకేటప్పుడా, ములుగు రోడ్డు మీద స్పీడుగా వచ్చి క్లచ్ తొక్కినప్పుడా? ఈ మధ్య రేడియేటర్ పనిగానీ, బెల్టు పనిగానీ, బ్యాటరీ మార్చడంగానీ జరిగిందా? ఆఖరి ప్రశ్న మరీ ముఖ్యం. ఒక పని చేసిన తర్వాత మొదలైన సమస్యకు మూలం చాలాసార్లు ఆ పని జరిగిన చోటే దొరుకుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక ఎంఎక్స్-5 సంగతి చెప్తాను. హన్మకొండలో ఉండే ఒక డాక్టరు గారిది, 1.6 లీటర్ బండి. అంతకుముందు వేరే చోట పని చేయించారు. ఆయన చెప్పింది ఇది: "పొద్దున బాగానే ఉంటుంది. టౌన్‌లో అరగంట తిరిగాక చౌరస్తాలో ఆగితే బండి ఆగిపోతుంది." మామూలుగా వినే ఫిర్యాదుకు ఇది తలకిందులు. చల్లగా ఉన్నప్పుడు ఇబ్బంది పెట్టి, వేడెక్కాక కుదుటపడే బండ్లే మనకు ఎక్కువగా వస్తాయి. ఇక్కడ వేడెక్కేకొద్దీ గాలి తగ్గిపోతోంది.

ఈ మైనం వాల్వ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ కథ అర్థమవుతుంది. వాల్వ్ ఒంట్లోంచి ఇంజిన్ నీళ్లు పోతుంటాయి, రెండు సన్నటి రబ్బరు గొట్టాల ద్వారా. నీళ్లు వేడెక్కితే మైనం కరిగి ఉబ్బుతుంది, పిస్టన్ లాంటి ముక్కను తోస్తుంది, గాలి దారి మూసుకుంటుంది. చల్లటి ఇంజిన్‌కు ఎక్కువ రేస్, వేడెక్కాక మామూలు రేస్. కంప్యూటర్‌కు దీనితో సంబంధమే లేదు, నీళ్ల వేడి ఒక్కటే దీన్ని నడుపుతుంది.

ఆ బండికి రెండు సన్న గొట్టాలూ ఎవరో తీసేసి, నీళ్లు వాల్వ్ దాకా రాకుండా అడ్డదారిలో కలిపేశారు. ఒక గొట్టం కారుతుంటే కొత్తది దొరక్క చేసిన పని అయ్యుండాలి. అప్పట్నుంచి వాల్వ్‌కు నీళ్ల వేడి అందదు కాబట్టి ఇంజిన్ వేడెక్కినా మైనం గట్టిగానే ఉంటుంది, గాలి దారి తెరిచే ఉంటుంది, రేస్ పదిహేను వందల మీద నిలబడుతుంది. దాన్ని దించడానికి ఎయిర్ స్క్రూ అడుగుదాకా బిగించేశారు. ముల్లు దిగింది. కానీ టౌన్ ట్రాఫిక్‌లో, బానెట్ కింద వేడి మెల్లగా పేరుకుని, నీళ్లు లేకపోయినా ఆ మైనం ఎప్పటికో కరుగుతుంది. వాల్వ్ మూసుకుంటుంది. స్క్రూ దారి అంతకుముందే బంద్ అయి ఉంది. ఇక గాలి ఎక్కణ్నుంచి రావాలి? చౌరస్తాలో బండి ఆగిపోవడానికి కారణం అది.

అడ్డదారి గొట్టం తీసి చూస్తే వాల్వ్ నీటి దారిలో తెల్లటి గార పేరుకుపోయి ఉంది, సన్నటి తీగ కూడా దూరనంతగా. మన దగ్గర రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తారు. ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. వేడికి ఆ సున్నం గట్టిపడి ముందుగా పూడ్చేది సన్న దారులనే. పెద్ద రేడియేటర్ ఇంకా బాగానే ఉంటుంది, ముల్లు కూడా ఇంజిన్ వేడి మామూలుగానే చూపిస్తుంది, ఈ వాల్వ్ మాత్రం ఎండిపోయి కూర్చుంటుంది. వాల్వ్ విప్పి గార కరిగించి, కొత్త గొట్టాలు వేసి, స్టీల్ క్లిప్పులు బిగించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి నింపాం. గొట్టాలు, క్లిప్పులు తప్ప పార్టు ఒక్కటీ కొనలేదు. అన్నా, మీ అందరికీ నా మనవి. అల్యూమినియం హెడ్ ఉన్న ఏ బండిలోనూ బోరు నీళ్లు పోయకండి. కూలెంట్ డబ్బా ఖర్చు ఒక వాల్వ్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

నీళ్లు మార్చాక ఇంకో తిరకాసు ఉంది. గాలి బుడగ లోపల ఇరుక్కుంటే వాల్వ్‌కు నీళ్లు ఒకసారి అందుతాయి, ఒకసారి అందవు. రేస్ దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్లుగా పెట్టి, ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపించి, దిగిన మేరకు మళ్లీ నింపండి. మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది.

(సభలోంచి: "సార్, మైనం వాల్వ్ తప్పా, లీకు తప్పా అని విప్పకుండా తెలుసుకునే దారి ఉందా?")

ఉంది, మంచి ప్రశ్న. ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. ఆపండి. థ్రాటిల్ బాడీకి వచ్చే పెద్ద గొట్టం తీసి లోపలికి చూస్తే బటర్‌ఫ్లైకి ముందు గోడలో ఒక రంధ్రం కనపడుతుంది. ఐడిల్ వాల్వ్‌కు గాలి పోయేది అక్కణ్నుంచే. దాని మీద గట్టి క్లాత్ టేపు, లోపలికి లాగబడనంత మందంగా అంటించి, గొట్టం మళ్లీ బిగించి స్టార్ట్ చేయండి. రేస్ బాగా పడిపోయినా, బండి ఆగిపోయినా, ఎక్కువ గాలి ఆ వాల్వ్ దారిలోనే వస్తోందన్నమాట. టేపు వేసినా రేస్ అలాగే ఎక్కువగా ఉందా, అప్పుడు గాలి వేరే చోటినుంచి వస్తోంది. లీకుండాలి, లేదా యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకోవడం లేదు. పని అయ్యాక టేపు తీయడం మరవకండి.

ఇంజిన్ నడుస్తుండగా ఆ గొట్టం ఊడబెరికి చూద్దామనుకోవద్దు. 1.6లో గాలి కొలిచే మీటర్ పాత రకం. లోపల ఒక రేకు తలుపు ఉంటుంది, గాలి తోసుకుపోతుంటే తెరుచుకుంటుంది. ఆ తలుపు కదిలితేనే పెట్రోల్ పంపుకు కరెంటు పోయేలా అందులోనే ఒక స్విచ్ పెట్టారు. గొట్టం ఊడితే గాలి మీటర్ దాటి పోదు, తలుపు మూసుకుంటుంది, పంపు ఆగుతుంది, బండి ఆగుతుంది. ఇది తెలియక పంపు పోయిందని పంపు మార్చినవాళ్లున్నారు.

ఇక లీకులు. ఈ మీటర్ ఇంజిన్‌కు ఎడమ వైపు, ఎయిర్ ఫిల్టర్ పక్కన ఉంటుంది. థ్రాటిల్ బాడీ కుడి వైపు. మధ్యలో ఇంజిన్ ముందునుంచి ఒక పొడుగాటి పైపు పోతుంది, రెండు చివర్లా రబ్బరు మడతల జాయింట్లు. ఇన్నేళ్ల వేడికి ఆ రబ్బరు మడతల లోపలివైపు పగుళ్లు తీస్తుంది. పైనుంచి చూస్తే నున్నగా ఉంటుంది. చేత్తో వంచి, టార్చి వేసి మడతల మధ్య చూడాలి. రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ పక్కకు వాలుతుంది కదా, అప్పుడు పగులు నోరు తెరుస్తుంది. ఐడ్లింగ్ బాగుండి పికప్ అందుకునేటప్పుడు బండి తడబడితే ముందు ఈ మడతలు చూడండి.

మీటర్ దాటాక లోపలికి దూరిన గాలి కంప్యూటర్ లెక్కలోకి రాదు. పెట్రోల్ దానికి తగ్గట్టు పెరగదు. మిశ్రమం పలచబడి ఐడ్లింగ్ వణుకుతుంది. గాలి మరీ ఎక్కువై రేస్ పైన నిలబడితే ఇంకోటి జరుగుతుంది. కాలు తీసి ఉందని థ్రాటిల్ స్విచ్ చెప్తోంది, రేస్ మాత్రం ఎక్కువగా ఉంది. బండి వాలులో దిగుతోందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది. రేస్ పడుతుంది, మళ్లీ ఇస్తుంది, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ ఆపుతుంది. ముల్లు ఊయల ఊగినట్టు ఊగుతుంది. హంటింగ్ అంటే చాలాసార్లు ఇదే. ఆ సమయంలో కంప్యూటర్‌ను అనుమానించి దాన్ని విప్పేవాళ్లున్నారు, అది పాపం తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

లీకు వెతకడానికి చాలామంది కార్బ్ క్లీనర్ కొడతారు. కొట్టిన చోట రేస్ మారితే లీకు దొరికినట్టు. పనిచేస్తుంది, కానీ అది మండే సరుకు. వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడితే మంట అంటుకుంటుంది. ఎంఎక్స్-5లో ఇన్‌టేక్ కుడి వైపు, ఎగ్జాస్ట్ ఎడమ వైపు కాబట్టి కొంత నయం, చాలా బండ్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. నేను చెప్పేది, ముందు నీళ్లు వాడండి. మొక్కలకు కొట్టే చిన్న స్ప్రే సీసాతో జాయింట్ల మీద సన్నగా కొట్టండి. చిన్న పగులును నీళ్లు క్షణం పాటు మూస్తాయి, ఇంజిన్ శబ్దంలో తేడా చెవికి తెలుస్తుంది. కాయిల్ మీద, వైర్ల మీద కొట్టకండి. బ్రేక్ బూస్టర్, అంటే ఇంజిన్ పీల్పుతో బ్రేకును తేలిక చేసే డబ్బా, దాని గొట్టాన్ని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కి పట్టండి. ఐడ్లింగ్ కుదుటపడితే బూస్టర్ డయాఫ్రం చిరిగింది. అప్పుడది ఐడ్లింగ్ సమస్యతో ఆగదు, బ్రేకుల సమస్య. ఆ బండిని రోడ్డు మీదికి పంపకండి.

నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఒకటుంది, దానికి పనిముట్టే అక్కర్లేదు. వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. గాలి మీటర్ ఉన్న ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే వెంటనే తడబడాలి, ఎందుకంటే ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ ద్వారా లెక్కలేని గాలి లోపలికి పోతుంది. మూత తీసినా తేడా ఏమీ లేదంటే పీసీవీ దారి పూడుకుపోయి ఉండాలి, లేదా ఇంతకుముందే ఎక్కడో పెద్ద లీకుంది. ఆయిల్ డిప్‌స్టిక్ రబ్బరు రింగు, మూత గ్యాస్కెట్ కూడా ఐడ్లింగ్‌ను పాడుచేస్తాయని చెప్తే కొత్తగా నేర్చుకునేవాళ్లు నమ్మరు. ఈ పరీక్ష చేసి చూపిస్తే నమ్ముతారు.

ఇంజిన్ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజ్ ఒకటి కొనుక్కోండి. కంప్యూటర్ కోడ్‌లు చదివే స్కానర్ అంత ఖరీదు కాదు. బాగున్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో సముద్రమట్టం దగ్గర 18 నుంచి 20 అంగుళాల పాదరసం చూపిస్తుంది. వరంగల్ ఎత్తు సుమారు 270 మీటర్లు, కాబట్టి మన దగ్గర ఒక అంగుళం దాకా తగ్గించి చూసుకోవాలి. ముల్లు స్థిరంగా ఉండి తక్కువ చూపిస్తే లీకు గానీ, వెనకబడ్డ టైమింగ్ (ప్లగ్గు నిప్పు పడే సమయం) గానీ. లెక్కగా ఒక్కో దెబ్బకు కిందికి పడుతుంటే ఒక సిలిండర్ పని చేయట్లేదు.

(సభలోంచి: "సార్, స్కానర్ పెడితే తెలియదా ఇదంతా?")

ఈ బండికి మనం వాడే స్కానర్ తగలదు తమ్ముడూ. బానెట్ కింద, ఎడమ వైపు ఒక చిన్న నల్ల డబ్బా ఉంటుంది, మూత మీద డయాగ్నోసిస్ అని రాసి ఉంటుంది. లోపల పిన్నులు. టీఈఎన్ అని రాసున్న పిన్నుకూ జీఎన్‌డీ (ఎర్త్) పిన్నుకూ మధ్య ఒక వైరు ముక్క కలిపి, ఎఫ్ఈఎన్ పిన్ను దగ్గర టెస్ట్ బల్బు పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తే బల్బు మెరుపుల్లో కోడ్ చెప్తుంది. 8 అంటే గాలి మీటర్, 9 అంటే నీళ్ల వేడి సెన్సార్, 34 అంటే ఐడిల్ వాల్వ్. కానీ ఆ కోడ్ వైరు తెగితేనో, షార్ట్ అయితేనో వస్తుంది. చీలిన రబ్బరుకు, గార పట్టిన వాల్వ్‌కు కోడ్ లేదు. కొత్త బండ్లలో కూడా స్కానర్ చెప్పేది లక్షణమే. "మిశ్రమం పలచగా ఉంది" అంటుంది, ఏ గొట్టం చీలిందో చెప్పదు. అది మీ కళ్లూ చేతులూ చెప్పాలి.

నీళ్ల వేడి సెన్సార్ మాట వచ్చింది కాబట్టి, ఈ బండిలో అవి రెండు. డాష్‌బోర్డు ముల్లుకు ఒకటి, ఒకే వైరు. కంప్యూటర్‌కు ఒకటి, రెండు వైర్లు, హెడ్ వెనక గోడ వైపు, చెయ్యి కష్టంగా దూరే చోట. ముల్లు బాగా చూపిస్తోంది కాబట్టి సెన్సార్ బాగుందనుకోకండి, అది వేరే సెన్సార్. రెండు వైర్ల దాన్ని మల్టీమీటర్‌తో కొలవండి. 20 డిగ్రీల దగ్గర రెండున్నర కిలో ఓమ్‌ల చుట్టూ, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్‌ల చుట్టూ ఉండాలి. మన ఎండాకాలంలో చల్లటి ఇంజినే 40 డిగ్రీలుంటుంది, అప్పుడు మొదటి అంకె సహజంగానే తగ్గి కనపడుతుంది, కంగారుపడి సెన్సార్ పారేయకండి.

థ్రాటిల్ స్విచ్ కూడా ఒకసారి చూడాలి. 1.6 మాన్యువల్ గేర్ బండిలో అది రెండు కాంటాక్టుల స్విచ్ మాత్రమే. కాలు తీసింది, పూర్తిగా తొక్కింది, ఇంతే చెప్తుంది. కాలు తీసిన సంగతి కంప్యూటర్‌కు చేరకపోతే అది ఐడ్లింగ్‌ను పట్టించుకోదు. స్పీడులో వచ్చి క్లచ్ తొక్కితే ఆగిపోయే బండికి ఈ కాంటాక్టు చూడటం మరవకండి. బటర్‌ఫ్లై చుట్టూ పేరుకున్న మసి కూడా ఇదే పని చేస్తుంది, బటర్‌ఫ్లైని పూర్తిగా మూసుకోనివ్వదు, లేదా ఉండాల్సిన సందు పూడుస్తుంది. గుడ్డ, క్లీనర్, పాత టూత్ బ్రష్. పావుగంట పని.

నిప్పు, కంప్రెషన్ సంగతి మీకు తెలిసిందే, తొందరగా చెప్పేస్తాను. ఈ ఇంజిన్‌లో రెండు కాయిళ్లు నాలుగు ప్లగ్గులకు నిప్పిస్తాయి, 1కీ 4కీ ఒకటి, 2కీ 3కీ ఒకటి. ఒక సిలిండర్ పోతే ప్లగ్గో, వైరో. జంటగా పోతే కాయిల్. ఏ సిలిండర్ పని చేయట్లేదో చూడటానికి ప్లగ్ వైర్లు పీకకండి, ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటీ తీసి చూడండి. తీసినా శబ్దం మారని సిలిండరే దోషి. టీఈఎన్ వైరు కలిపి ఉంచి చేయండి, లేకపోతే రేస్ పడకుండా ఐడిల్ వాల్వ్ సర్దేస్తుంది, తేడా చెవికి దొరకదు.

1991 మధ్య వరకు వచ్చిన కొన్ని 1.6 ఇంజిన్లలో క్రాంక్ ముందు కొస పొట్టిగా ఉంటుంది. పుల్లీ బోల్టు సరిగ్గా బిగించకపోతే అక్కడ క్రాంక్ గాడిలో కూర్చునే కీ అనే చిన్న లోహపు ముక్క వదులై గాడి అరుగుతుంది. టైమింగ్ మెల్లగా జారుతుంది, పవర్ తగ్గుతుంది, ఐడ్లింగ్ గరగరలాడుతుంది. టైమింగ్ లైటు వేస్తే గుర్తు ఒక చోట నిలవక కదులుతుంది. బెల్టు మార్చిన తర్వాత మొదలైన గొడవ అయితే ఇటువైపు తప్పకుండా చూడండి. ఇది దాచిపెట్టి స్క్రూతో సర్దితే ఇంజిన్ ప్రాణానికే ముప్పు.

(సభలోంచి, ఒక పెద్దాయన: "మా దగ్గరికి ఇప్పటికీ కార్బరేటర్ మారుతి 800లు వస్తాయి బిడ్డా. ఈ పెట్రోల్ మారినప్పట్నుంచి అవి సక్రమంగా నిలబడట్లేదు. దానికేం చేయాలె?")

పెద్దనాన్నా, మంచి సంగతి అడిగారు. ఇప్పుడు పంపుల్లో పోస్తున్నది ఈ20, ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. కార్బరేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రం, అదే జెట్, దాని గుండా అంతే పెట్రోల్ పోయినా మిశ్రమం కాస్త పలచబడుతుంది. ఎంఎక్స్-5లో ఆక్సిజన్ సెన్సార్ ఉంది కాబట్టి ఇంజిన్ వేడెక్కాక కంప్యూటర్ కొంత సర్దుకుంటుంది. కార్బరేటర్‌కు చెప్పేవాడు లేడు, మీరే సర్దాలి. మిక్చర్ స్క్రూ కాస్త విప్పితే సరిపోవచ్చు. కానీ అంతకుముందు మానిఫోల్డ్ గ్యాస్కెట్, కార్బరేటర్ కింది గ్యాస్కెట్ దగ్గర నీళ్ల స్ప్రే కొట్టి చూడండి. పలచబడిన మిశ్రమానికి తోడు చిన్న లీకుంటే స్క్రూ ఎంత తిప్పినా కుదరదు. ఇంకోటి, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో ట్యాంకు అడుగున నీళ్లు, తుప్పు చేరతాయి, సన్నటి ఐడిల్ జెట్ ముందుగా పూడుకుంటుంది. పాత స్పోర్ట్స్ కార్లకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే వాటిని జనం ఆదివారం మాత్రమే తీస్తారు. పెట్రోల్ గొట్టాలు ఈ20కి తట్టుకునే రకం వేయండి. మెత్తబడ్డ గొట్టాన్ని గోరుతో గిచ్చితే తెలిసిపోతుంది.

(సభలోంచి, ఒక విద్యార్థిని: "అన్నీ బాగున్నాక స్క్రూ ఎలా సెట్ చేయాలి సార్?")

అన్నీ బాగున్నాక అన్నావు, ఆ మాట నాకు చాలా సంతోషం కలిగించింది తల్లీ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి. ఏసీ, లైట్లు, బ్లోయర్ అన్నీ ఆఫ్. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆగేదాకా ఆగు. టీఈఎన్, జీఎన్‌డీ కలుపు, కంప్యూటర్ తన సర్దుబాట్లు పక్కన పెడుతుంది. ముందు టైమింగ్. టైమింగ్ లైటుతో చూస్తే, పిస్టన్ పై కొసకు చేరడానికి 10 డిగ్రీల ముందు నిప్పు పడాలి, ఒక డిగ్రీ అటూ ఇటూ. తప్పితే హెడ్ వెనక ఉండే క్యామ్ యాంగిల్ సెన్సార్ బోల్టు వదులుచేసి మెల్లగా తిప్పాలి. అప్పుడు రబ్బరు మూత తీసి ఎయిర్ స్క్రూ. కుడికి తిప్పితే గాలి తగ్గుతుంది, ఎడమకు పెరుగుతుంది. 850, యాభై అటూ ఇటూ. డాష్‌బోర్డు ముల్లును నమ్మకు, డయాగ్నోసిస్ డబ్బాలో ఐజీ మైనస్ అనే పిన్నుకు టాకోమీటర్ తగిలించు. రేస్ మారితే టైమింగ్ కొంచెం కదలొచ్చు, మళ్లీ ఒకసారి చూసుకో. ఆ వైరు ముక్క తీసెయ్యి. తర్వాత ఏసీ వేసి చూడు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడు, హెడ్‌లైట్లు వేసి చూడు. ముల్లు కాస్త దిగి వెంటనే లేవాలి. లేవకపోతే ఐడిల్ వాల్వ్ సోలెనాయిడ్ కనెక్టర్ తీసి ఓమ్‌లు కొలువు. వైండింగ్ బాగుండి కూడా లేవకపోతే లోపల మసికి ఇరుక్కుపోయింది.

ఒకటి గమనించండి. సెట్టింగ్‌కు ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగిస్తేనో, బయటికొచ్చేంత విప్పితేనో తప్ప 850 రావట్లేదంటే అక్కడే ఆపేయండి. వెతకాల్సింది ఇంకా మిగిలే ఉంది. కస్టమర్‌కు అదే చెప్పండి. "ఇవాళ కాదు సార్, రేపు ఇస్తాను" అంటే కోపం తెచ్చుకునేవాడు ఉంటాడు, కానీ బండి నడిరోడ్డు మీద ఆగిపోయినప్పుడు వచ్చే కోపం ముందు అదెంత.

డాక్టరు గారు ఆయన బండిని మన కోసం పంపించారు, బయట షెడ్డులో ఉంది. పొద్దున్నుంచి స్టార్ట్ చేయలేదు, ఇంజిన్ చల్లగా ఉంది. మైనం వాల్వ్ తెరిచి ఉన్నప్పటి రేస్ చూడాలంటే ఇప్పుడే చూడాలి, ఒకసారి వేడెక్కితే మళ్లీ రాత్రిదాకా దొరకదు. ఐదుగురేసి చొప్పున రండి. ముందు వచ్చే ఐదుగురిలో ఒకరు టార్చి పట్టుకోండి, ఒకరు వాక్యూమ్ గేజ్ తగిలించండి. ఆయిల్ మూత నేను కాదు, మీలో ఒకరు తీయాలి.